వాచీలో ముందు చెడేది మిషను కాదు

వెయ్యి, పదిహేను వందలు పెట్టి కొన్న వాచీ రెండేళ్ళకే మూలపడితే ‘మిషను పోయింది’ అనేస్తాం. విప్పి చూస్తే చాలాసార్లు మిషను నిక్షేపంగా ఉంటుంది. పోయింది బెల్టు, లేదా బెల్టును పట్టి ఉంచే పిన్ను. అదీ కాకపోతే కీ పక్కనుంచి చెమట లోపలికి దిగి ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో తిరిగేవాళ్ళు వాచీ కొనేటప్పుడు ఇది తెలిసి ఉండాలి. లోపలి యంత్రం విషయంలో చవక వాచీకీ ఖరీదైన వాచీకీ తేడా చాలా తక్కువ. తేడా అంతా పైతొడుగులో, మూతలో, బెల్టులో ఉంది. డబ్బు అక్కడ పెట్టాలి.

సెల్లుతో నడిచే వాచీలో శృతిదండం ఆకారంలో కోసిన చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. విద్యుత్తు అందితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పదిహేను రెండ్లను వరసగా గుణిస్తే వచ్చే అంకె అది. చిప్పులో పదిహేను మెట్లున్నాయి. ఒక్కో మెట్టులో కంపనాల లెక్క సగమవుతూ పోతుంది, చివరికి సెకనుకు ఒక్క తట్టు మిగులుతుంది. ఆ తట్టుకు సెకన్ల ముల్లు ఒక అడుగు వేస్తుంది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సైకో కంపెనీ ఈ పద్ధతితో మొదటి చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధరకు చిన్న కారు వచ్చేది. ఇప్పుడు అదే సూత్రం మీద నడిచే చవక డిజిటల్ వాచీ కాసియో ఎఫ్-91డబ్ల్యు నెలకు 30 సెకన్లకు మించి తప్పదు. చవక ముళ్ళ వాచీల్లో ఎక్కువగా కనిపించే మియోటా 2035 మిషనుకైతే ఆ హద్దు 20 సెకన్లు. డయల్ మీద అడుగున సన్నని ఇంగ్లీషు అక్షరాలతో ‘జపాన్ మూవ్‌ట్’, అంటే జపాన్ మిషను, అని రాసి ఉంటే యంత్రం గురించి అంతకన్నా ఆరా తీయనక్కర్లేదు.

ఈ స్ఫటికానికి మన ఎండతో ఒక పేచీ ఉంది. దాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా కంపించేలా కోస్తారు. అంతకన్నా వేడెక్కినా చల్లబడినా అది నెమ్మదిస్తుందే తప్ప వేగం పెరగదు. తేడా రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతుంది. మే నెలలో రేకుల ఇంట్లో 45 డిగ్రీల వేడిలో వదిలేసిన వాచీ రోజుకు సుమారు ఒకటింబావు సెకను వెనకబడుతుంది. ఎండలో నిలిపిన కారు ముందు అద్దం కింద పెడితే ఇంకా ఎక్కువ. అదే వాచీ చేతికి ఉంటే ఒంటి చర్మం దాన్ని 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది, అప్పుడు తప్పు రోజుకు సెకనులో పదో వంతు కూడా ఉండదు. వాచీ బీరువాలో కంటే చేతికే బాగా నడవడానికి కారణం ఇదే.

కీ ఇచ్చే వాచీల మీద మనకు మమకారం ఎక్కువ. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ గడియారాలు రాయలసీమలో ఎన్ని పెళ్ళిళ్ళలో అల్లుళ్ళ చేతికెక్కాయో లెక్కలేదు. వాటిని దాచుకోవడం మంచిదే. కానీ గుంతల రోడ్డు మీద బైకు నడిపేవాళ్ళకూ, సుత్తి పట్టేవాళ్ళకూ రోజువారీ వాడకానికి అవి తగవు. లోపల ఊగే చక్రపు ఇరుసు కొన వెంట్రుకంత సన్నం. కింద పడితే ముందు దెబ్బతినేది అదే.

ఇక పైతొడుగు. చవక వాచీల్లో చాలావాటి ఒళ్ళు ఇత్తడితోనో జింకు మిశ్రమంతోనో పోసింది, పైన క్రోము పూత. ఆ పూత వెంట్రుక మందంలో చిన్న వంతు మాత్రమే ఉంటుంది. చెమటలోని ఉప్పు పూతలోని సన్నని రంధ్రాల్లోంచి దిగి లోపలి లోహాన్ని తినడం మొదలుపెడితే పూత బుడగలా లేచి ఊడుతుంది. మొదట పోయేది చర్మానికి ఆనే వెనకవైపు అంచు, ఆ తర్వాత బెల్టు తగిలించే కొమ్ముల లోపలి పక్క. కిందపూతలో నికెల్ ఉంటే కొందరికి మణికట్టు మీద దురద, దద్దు కూడా వస్తాయి.

కొట్టులో దీన్ని కనిపెట్టడానికి అయస్కాంతం పనికిరాదు. ఇత్తడి, జింకు అంటుకోవు, మంచి వాచీలకు వాడే 316ఎల్ రకం స్టీలు కూడా అంటుకోదు. బరువు చూసినా తేలదు, ఇత్తడి స్టీలు కంటే బరువు. వాచీ తిప్పి వెనక మూత చదవాలి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే మూత ఒక్కటే స్టీలు, మిగతా ఒళ్ళు కాదు. ‘ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్’ అని ఉంటే మొత్తం స్టీలు. ఈ ఒక్క మాట తేడాతో వాచీ ఆయుష్షు మారిపోతుంది. మొత్తం స్టీలుకు డబ్బు చాలకపోతే పూత వేసిన వాచీ కంటే ప్లాస్టిక్ ఒళ్ళున్న వాచీయే మేలు. ప్లాస్టిక్‌ను చెమట తినదు. మెరుపు చూసి మధ్యరకం కొనడం దండగ ఖర్చు.

అద్దం సంగతి మన ఊళ్ళను బట్టి మారుతుంది. గీతలు పడటం గట్టిదనానికి సంబంధించిన విషయం. ఖనిజాల గట్టిదనపు కొలబద్ద మీద నాపరాయిలోని కాల్సైటు 3, మామూలు వాచీ గాజు ఐదున్నర, ఆరు మధ్య, ఇసుకలోని క్వార్ట్జ్ 7, ఖరీదైన వాచీలకు వేసే సఫైర్ (నీలమణి రకం) గాజు 9. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది. బేతంచెర్ల, కడప వైపు నాపబండల దుమ్ములో ఇసుకపాలు లేకపోతే అది గాజును పెద్దగా గీయలేదు. తాడిపత్రి దగ్గర గ్రానైటు పాలిషు పట్టేచోట మాత్రం దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, ఒక్కసారి చొక్కా కొంగుతో తుడిస్తే చాలు గీత పడుతుంది. అలాంటిచోట ముందు నోటితో ఊది, నీళ్ళతో కడిగి, ఆ తర్వాతే తుడవాలి. ప్లాస్టిక్ అద్దం ఇంకా మెత్తన, 3 దగ్గర ఉంటుంది, తేలిగ్గా గీతలు పడుతుంది. కానీ అది పగిలి ముక్కలు కాదు, సన్న గీతలను తెల్ల టూత్‌పేస్టుతో మెత్తని గుడ్డ మీద అయిదు నిమిషాలు రుద్దితే చాలావరకు పోతాయి. గాజు మీద గీత అలా పోదు. అద్దం చుట్టూ అంచు అర మిల్లీమీటరైనా పైకి లేచి ఉన్న వాచీని ఎంచుకుంటే గోడ రాపిడి ముందు ఆ అంచుకు తగులుతుంది.

నీళ్ళ విషయంలో మోసపోయేది అంకెల దగ్గర. 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్పై మీటర్ల లోతు బావిలో దూకవచ్చని కాదు. కదలని నీటి ఒత్తిడి కింద కొత్త వాచీకి పెట్టిన పరీక్ష అది. 30 మీటర్లంటే చేతులు కడుక్కోవడం, వాన చినుకులు. 50 అయితే మెల్లగా ఈత. రోజూ కాలువలోనో బావిలోనో దిగేవాళ్ళకు 100 ఉండాలి. అంకె లేకుండా ఉత్త ‘వాటర్ రెసిస్ట్’ అని ఉంటే 30 కిందే లెక్క.

ఎండకాలంలో ఇంకో చిక్కు. గట్టు మీద ఎండలో పెట్టిన వాచీ 60 డిగ్రీలకు కాగిందనుకోండి. లోపలి గాలి కూడా అంతే కాగుతుంది. దాన్ని తీసి 25 డిగ్రీల బోరు నీళ్ళ తొట్టిలో ముంచితే ఆ గాలి ఒత్తిడి ఒక్కసారిగా పదో వంతు పడిపోతుంది. అంటే వాచీ మీటరు లోతులో ఉన్నట్టు బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. రబ్బరు రింగు గట్టిపడి ఉంటే తేమ దిగిపోతుంది. ముందు నీడలో పది నిమిషాలు చల్లార్చి, తర్వాత కడగాలి. లోపల తేమ ఉందో లేదో చూడాలంటే అద్దం మీద చిన్న ఐసుముక్క ఒక నిమిషం ఉంచండి. తీసి తుడిచాక అద్దం లోపలివైపు మంచు పట్టి కనిపిస్తే నీరు చేరినట్టే. అప్పుడు వాచీని ఎండలో పెట్టకూడదు. మూత తీయించి లోపల ఆరబెట్టించాలి.

బెల్టు మీద ఎంత చెప్పినా తక్కువే, అన్నిటికంటే ముందు పోయేది అది. తోలు చూడటానికి బాగుంటుంది, మన వేసవికి నిలవదు. చెమట తాగి ఉబ్బుతుంది, ఎండలో ఆరి బిరుసెక్కుతుంది. అలా రోజూ జరిగితే కుట్టు దగ్గర పగిలి వాసన పడుతుంది. చవక డిజిటల్ వాచీలతో వచ్చే ప్లాస్టిక్ బెల్టు మొదట్లో మెత్తగా ఉండి, తేమ, వేడి, చెమటనూనెలకు లోపలి బంధాలు తెగి పెళుసవుతుంది. రోజూ పెట్టుకునే రంధ్రం దగ్గరే విరుగుతుంది, వంపంతా అక్కడే పడుతుంది కాబట్టి. సిలికాన్ వేడికి చెక్కుచెదరదు. దుమ్మును మాత్రం అంటించుకుంటుంది, చిన్న గాటు పడితే అక్కడినుంచి చీలిపోతుంది. స్టీలు చైను ఎక్కువ కాలం వస్తుంది, అయితే రేకు మడిచి చేసిన లంకెల చైను వెంట్రుకలు పీకుతుంది, సాగిపోతుంది. గట్టి లంకెలదే కొనాలి. బోరు నీళ్ళ తెల్ల సున్నం లంకెల మధ్య పేరుకుని చైను బిగుసుకోకుండా మెత్తని బ్రష్షుతో కడుగుతుండాలి.

పొలం పనికీ, బండల పనికీ, బస్సు ప్రయాణాలకీ మా ఎంపిక ఒకే ముక్క నైలాన్ బెల్టు. బ్రిటిష్ సైన్యం 1973లో దాని కొలతలు నిర్ణయించింది. గొప్పతనమంతా అమరికలో ఉంది. బట్ట ఒకే పొడవు ముక్కగా రెండు పిన్నుల కిందుగా, వాచీ వెనకగా దూరి వస్తుంది. ఒక పిన్ను ఊడినా రెండోది పట్టుకుంటుంది, వాచీ కింద పడదు. చెమట పట్టాక సబ్బు నీళ్ళలో ఉతికి గాలికి వేస్తే చప్పున ఆరిపోతుంది. తెల్లగా ఉప్పు చారలు కనిపించాయంటే ఉతకవలసిన రోజు వచ్చిందని లెక్క.

బెల్టు కొనేముందు కొమ్ముల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవాలి. 18, 20, 22 మిల్లీమీటర్లు మామూలు. కొలత సరిగ్గా ఉండాలి. రెండు మిల్లీమీటర్లు తగ్గినా బెల్టు పక్కకు జరుగుతూ పిన్ను కొసలను అరగదీస్తుంది. కొన్ని ప్లాస్టిక్ వాచీలకు బెల్టు కొన ఆ మోడలుకే సరిపోయేలా కోసి ఉంటుంది, వాటికి వేరే బెల్టు పట్టదు. కొత్త బెల్టు సుళువుగా దొరికే వాచీనే కొనడం తెలివి. స్ప్రింగు పిన్నులను బెల్టుతోపాటు మార్చేయండి, వాటికయ్యే ఖర్చు చాలా తక్కువ. సాధారణంగా పిన్ను మందం ఒకటిన్నర మిల్లీమీటరు, బెల్టు దూరేచోటు ఉంటే 1.8 మిల్లీమీటర్లది అడగండి. విప్పేటప్పుడు కింద గుడ్డ పరిచి, వాచీ మీద పాలిథిన్ కవరు కప్పి, చీలిక కొన ఉన్న పనిముట్టుతో పిన్ను భుజాన్ని లోపలికి నొక్కాలి. కవరు లేకపోతే పిన్ను ఎగిరి ఎక్కడ పడిందో దొరకదు. కొత్తది పెట్టాక రెండు పక్కలా ‘టిక్’మని పట్టిందో లేదో లాగి చూడాలి. బిగువు కొలవడానికి చిటికెన వేలు చాలు. మధ్యాహ్నం ఎండకు మణికట్టు కాస్త ఉబ్బుతుంది, వేలు దూరేంత సందు ఉంచకపోతే కింద చెమట నిలిచి చర్మం ఒరుస్తుంది.

సెల్లు మార్చే రోజున కొట్టులో రెండు విషయాలు దగ్గరుండి చూసుకోవాలి. మొదటిది సెల్లు రకం. చాలా ముళ్ళ వాచీలకు పట్టేది 626 సైజు, అంటే 6.8 మిల్లీమీటర్ల అడ్డం, 2.6 మందం. దానిలో ఎస్‌ఆర్ అక్షరాలతో మొదలయ్యేది సిల్వర్ ఆక్సైడు, చివరిదాకా 1.55 వోల్టులు నిలకడగా ఇస్తుంది. ఎల్‌ఆర్ లేదా ఏజీ4 అని ఉన్నది ఆల్కలైన్, అదే సైజు, చవక. కానీ వోల్టేజి రోజురోజుకూ తగ్గుతుంది, అయిపోయాక కారి మిషనును తినేస్తుంది. కవరు మీది అక్షరాలు చదివి కొనండి. ఆగిపోయిన వాచీలో పాత సెల్లును నెలలకొద్దీ వదిలేయకూడదు.

రెండోది మూత కింద ఉండే రబ్బరు రింగు. అది చదునుగా అణిగిపోయి ఉన్నా, గోరుతో నొక్కితే పగుళ్ళు కనిపించినా కొత్తది వేయమనండి, సిలికాన్ గ్రీజు చాలా పలచగా రాయమనండి. కొబ్బరినూనె వద్దు, ఎండకు పలచబడి లోపలికి పాకుతుంది. నొక్కి బిగించే మూతకు ఒకచోట చిన్న గాడి ఉంటుంది, కీ కాడ వెళ్ళేది ఆ గాడిలోంచే. గాడిని కాడకు సరిగ్గా ఎదురుగా పెట్టకుండా బలంగా నొక్కితే మూత పట్టదు, ఒక్కోసారి ముందున్న అద్దం పగులుతుంది. మూత ఒకసారి తెరిచాక, ఒత్తిడి పరీక్ష చేయించేదాకా వెనక రాసి ఉన్న 50, 100 అంకెలను నమ్మి నీళ్ళలో దిగకండి.