ఎటాబ్స్ చూపించే అంతస్తు బిగువు

ఒంగోలు

చిరంజీవులు, సివిల్ చదువుతున్న నా మనవళ్లకు, మనవరాళ్లకు,

బిల్డింగుల లెక్కలు వేసే ఎటాబ్స్ సాఫ్ట్‌వేర్‌లో స్టోరీ స్టిఫ్‌నెస్ (అంతస్తు బిగువు, అంటే పక్కకు జరక్కుండా ఎంత ఎదురునిలుస్తుందో) పట్టిక తెరిస్తే ఒక్కో అంతస్తుకు ఒక అంకె కనిపిస్తుంది కదా, అదెక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. మంచి ప్రశ్న. ఆ అంతస్తు పిల్లర్లన్నిటి బిగువు కూడితే వస్తుందని మీ ఊహ.

చేత్తో వేస్తే అట్లాగే వేస్తాం. పైనా కిందా తిరక్కుండా బిగించిన పిల్లర్‌కు 12ఈఐని ఎత్తు ఘనంతో భాగిస్తాం (ఈ అంటే కాంక్రీటు గట్టిదనం, ఐ అంటే పిల్లర్ సైజు నుంచి వచ్చే వంపు నిరోధం). 230 బై 450 మిల్లీమీటర్ల పిల్లర్, ఎం25 కాంక్రీటు, 3 మీటర్ల ఎత్తు తీసుకోండి. 450 దిశలో తోస్తే ఒక మిల్లీమీటరు జరగడానికి సుమారు 19 కిలోన్యూటన్లు కావాలి. 230 దిశలో అయితే 5 చాలు. ఎత్తు 4 మీటర్లు చేస్తే బిగువు సగానికంటే కిందికి పడిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఆ దారిన పోదు. నిజం బిల్డింగులో బీములు వంగుతాయి, జాయింట్లు తిరుగుతాయి. అందుకని మొత్తం ఫ్రేముకు కలిపి సమీకరణాలు కట్టి, మీరిచ్చిన భూకంప బలానికి ప్రతి జాయింటూ ఎంత కదిలిందో ముందు కనుక్కుంటుంది. ఆ తర్వాతే భాగహారం. అంతస్తు షియర్, అంటే ఆ అంతస్తును పక్కకు తోసే మొత్తం బలం, 600 కిలోన్యూటన్లు, పై స్లాబు 9 మిల్లీమీటర్లు, కింది స్లాబు 5 జరిగాయనుకోండి. 600ను తేడా అయిన 4తో భాగిస్తే మిల్లీమీటరుకు 150 కిలోన్యూటన్లు. తొమ్మిదితో భాగించకూడదు.

కాబట్టి లోడ్ మారితే అంకె కూడా మారుతుంది. షియర్ వాల్స్ (పక్క తోపును తట్టుకునే కాంక్రీటు గోడలు) ఉన్న బిల్డింగులో, కింద గోడ వంగడంవల్ల వచ్చిన వాలు పై అంతస్తుల జరుగుడులో కలుస్తుంది. సైజులు అవే ఉన్నా పైకి పోయేకొద్దీ అంకె తగ్గొచ్చు. దానికి టెన్షన్ పడొద్దు.

టెన్షన్ పడాల్సింది స్టిల్ట్ పార్కింగ్ గురించి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ మా ఒంగోలులో గానీ అపార్ట్‌మెంట్ల కింద చూడండి: లిఫ్టు గోడ, ఒక మూల వాచ్‌మన్ గది, మిగతాదంతా బండ్లు పెట్టుకునే ఖాళీ. పైన ప్రతి ఫ్లాటులో ఇటుక గోడలే. మోడల్‌లో చాలామంది ఆ గోడల్ని బరువుగా మాత్రమే ఇస్తారు. అప్పుడు కంప్యూటరుకు పైనా ఖాళీయే, కిందా ఖాళీయే. ఫుటింగ్ దగ్గర ఫిక్స్ చేస్తాం కాబట్టి స్టిల్టే గట్టిగా కనిపించినా ఆశ్చర్యం లేదు. గోడల బిగువు చేరిస్తే పై అంతస్తులు బిర్రబిగుసుకుంటాయి, కదలికంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో ఇట్లాంటివి ఎన్నో కూలాయి. మనవైపు రావులే అనకండి, 1967లో ఒంగోలు దగ్గరే వచ్చింది. 2016 కోడ్ నెల్లూరును మూడో భూకంప జోన్‌లో పెట్టింది.

ఆ కోడ్ పేరు ఐఎస్ 1893, భూకంప డిజైన్‌కు మన దేశ ప్రమాణం. దాని 2016 కూర్పు ప్రకారం పై అంతస్తుకంటే బిగువు తక్కువైతే అది సాఫ్ట్ స్టోరీ. ఇటుక గోడను ఫ్రేములో మూల నుంచి మూలకు వేసిన స్ట్రట్‌గా (ఏటవాలు ఊతంగా) పెట్టే పద్ధతి కూడా అందులోనే ఉంది.

మీ ప్రాజెక్టు మోడల్‌ను స్ట్రట్లు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి రన్ చేయండి. స్టిల్ట్ అంకెను మొదటి అంతస్తు అంకెతో భాగించి, రెండు పట్టికలూ నాకు పంపండి. వై దిశవి కూడా.

ఆశీస్సులతో,
మీ తాతయ్య