కొచినీతా పిబిల్: పంది స్పెయిన్‌ది, పొయ్యి మాయాలది

మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో ఆదివారం పొద్దున్నే దొరికే టిఫిన్ కొచినీతా పిబిల్. వేళ్లతో పీకితే పోగులు పోగులుగా విడిపోయేంత మెత్తగా ఉడికిన ఎర్రటి పంది మాంసాన్ని మొక్కజొన్న రొట్టెలో పెట్టి, పైన పుల్లటి రసంలో ఊరిన ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. దీన్ని అక్కడి మూలవాసులైన మాయాల ప్రాచీన వంటకం అని ప్రచారం చేస్తుంటారు. అందులో సగమే నిజం. ఏ సగమో పేరే చెప్పేస్తుంది.

కొచినీతా స్పానిష్ మాట, పంది పిల్ల అని అర్థం. పిబిల్ మాయా మాట. పీబ్ అంటే నేలలో తవ్విన గుంట పొయ్యి, అందులో వండినది పిబిల్. గుంటలో కట్టెలు మండించి, రాళ్లు బాగా కాగాక, ఆకుల్లో చుట్టిన మాంసాన్ని అందులో దించి, మట్టి కప్పేసి గంటల తరబడి వదిలేస్తారు. స్పెయిన్ వాళ్లు రాకముందు మాయాలు ఇలా వండుకున్నది జింకల్ని, టర్కీ కోళ్లని. పెంపుడు పంది అక్కడ లేనే లేదు. 1493లో కొలంబస్ రెండో యాత్రతో పందులు కరీబియన్ దీవుల్లో దిగాయి. తర్వాత యుకటాన్‌లో మాయాల తిహో నగరం మీదే స్పెయిన్ వాళ్లు 1542లో మెరిదా నగరాన్ని కట్టారు. పొయ్యి అలాగే ఉంది, అందులో పడే జంతువు మారింది. కోడితో చేస్తే పోయో పిబిల్ అంటారు కాబట్టి, పిబిల్ అన్నది వండే పద్ధతికే పేరు.

మసాలాలోనూ ఇదే కలగలుపు. ఎర్ర రంగునిచ్చే అచియోతే గింజలు అమెరికా ఖండానివి. మన దగ్గర జాఫ్రా పేరుతో పండించేవి ఇవే. మాంసం నానబెట్టే పుల్ల నారింజ, చుట్టే అరిటాకు, ముద్దలో నూరే మిరియాలు మాత్రం ఆసియా నుంచి చేరినవి. నారింజకు స్పానిష్ పేరు నరాంహా. అరబ్బుల మీదుగా స్పెయిన్ చేరిన మన వైపు మాటే అది!

ఇప్పుడు పట్టణాల్లో చాలామంది మామూలు ఓవెన్‌లోనే వండి పిబిల్ అనేస్తున్నారు. పల్లెల్లో మాత్రం గుంట పొయ్యి ఇంకా ఉంది. చనిపోయినవాళ్లను తలచుకునే హనల్ పిషాన్ పండుగకు, అక్టోబరు 31 నుంచి నవంబరు 2 దాకా, మొక్కజొన్న పిండిలో కోడి మాంసం పెట్టిన పెద్ద రొట్టెను అందులో కాలుస్తారు. దాని అసలు పేరు ముక్బిపోయో. ఇదీ రెండు భాషల పేరే: ముక్ అంటే మాయాలో పాతిపెట్టడం, పోయో అంటే స్పానిష్‌లో కోడి. ఇళ్లల్లో మాత్రం దాన్ని పీబ్ అనే అంటారు.