నెత్తిన ఎండ, వాగులో వరద

కొండల్లో నడకకు వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేం ఉన్నచోట చినుకు పడలేదు, ఆకాశం తేటగా ఉంది. మరి వాగు అంత ఎత్తున ఎలా వచ్చింది?" ఎగువన వాన పడిందని చెప్తే సగం జవాబే అవుతుంది. ఎగువన పడిన నీళ్ళు మెల్లగా, అంగుళం అంగుళం పెరుగుతూ రావచ్చు కదా? అలా కాకుండా గోడలా ఎందుకు వస్తాయన్నది అసలు ప్రశ్న. ఆ రెండో సగంలోనే భౌతికశాస్త్రం అంతా ఉంది. వాగు ఒడ్డున గుడారం ఎక్కడ వేయాలి, ఎప్పుడు పరిగెత్తాలి అన్నవి కూడా అక్కడే తేలతాయి.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో జయాన్ నేషనల్ పార్క్ ఉంది. 2015 సెప్టెంబర్ 14న అక్కడి కీహోల్ కాన్యన్ అనే ఇరుకు రాతి చీలికలోకి దిగిన ఏడుగురూ వరదలో చనిపోయారు. ఆ రోజు దగ్గర్లోని వర్జిన్ నది ఉత్తరపాయలో ప్రవాహం సెకనుకు 55 ఘనపుటడుగుల నుంచి 2,630కి చేరింది. లీటర్లలో చెప్పాలంటే సెకనుకు సుమారు 1,560 నుంచి 74,500. అందుకు పట్టిన సమయం 15 నిమిషాలు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది వరదలో చనిపోయినప్పుడైతే వాళ్ళున్న చోట చెప్పుకోదగ్గ వానే లేదు. ఉరుముల వాన కురిసింది కిలోమీటర్ల దూరంలో, ఎగువన.

ముందు నీళ్ళ లెక్క చూద్దాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. ఈ ఒక్క ముక్క బడిలో గట్టిగా చెప్పి, దానితో ఒక గుణకారం చేయిస్తే చాలు, పిల్లలకు వాగు అంటే ఏమిటో జన్మలో మర్చిపోకుండా తెలుస్తుంది. మన పాఠాల్లో వర్షమాపకం బొమ్మ ఉంటుంది, నదుల పేర్లుంటాయి, ఈ గుణకారం మాత్రం ఉండదు. ఒక వాగుకు 20 చదరపు కిలోమీటర్ల కొండ వాలు నుంచి నీళ్ళు వస్తాయనుకోండి. ఉరుముల మబ్బు ఒకటి దాని మీద నిలబడి గంటలో 50 మి.మీ. కురిసింది. సగం నేలలో ఇంకింది. మిగతా సగం 50 కోట్ల లీటర్లు. ఆ నీళ్ళన్నీ గంటలో దిగాలంటే సెకనుకు సుమారు 1,39,000 లీటర్లు పారాలి. ఆ మబ్బు పది కిలోమీటర్ల అవతల, కొండ మలుపు వెనక ఉంటే మీకు కనిపించదు. మైదానంలోనైనా ఉరుము వినిపించేది 15 కిలోమీటర్ల లోపే. రెండు వైపులా రాతిగోడలు, పక్కనే నీటి హోరు ఉన్నచోట అది కూడా ఉండదు.

ఇక గోడ సంగతి. ఐరిష్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 19వ శతాబ్దం చివర్లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ కాలువలు కట్టేవాళ్ళంతా వాడతారు. దాని ప్రకారం నీటి వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: వాలు, అడుగు గరుకుదనం, లోతు. వాలు, గరుకు మారకుండా లోతు రెట్టింపైతే వేగం 1.6 రెట్లవుతుంది. బండరాళ్ళ వాగులో గరుకు అంకె 0.06 దగ్గర ఉంటుంది. వాలు వంద మీటర్లకు మూడు మీటర్లు అనుకుంటే, పావు మీటరు లోతున్న నీరు సెకనుకు 1.15 మీటర్లు పోతుంది. అర మీటరైతే 1.8, మీటరైతే 2.9, రెండు మీటర్లైతే 4.6. అంటే లోతు నీళ్ళు పలచటి నీళ్ళ కంటే నాలుగు రెట్లు వేగంగా పరిగెడతాయి. వరదలో మొదట బయల్దేరేవి పలచటి నీళ్ళు, వాన ముదిరాక బయల్దేరేవి లోతు నీళ్ళు. వెనకవి ముందువాటిని అందుకోక తప్పదు.

గతుకుల ఒంటిదారి మీద ముందు ఎడ్లబండి పోతోందనుకోండి. కాసేపటికి ఆటో, ఆ తర్వాత బస్సు, దాని వెనక లారీ బయల్దేరాయి. బండిని దాటే జాగా లేదు. పది కిలోమీటర్లు పోయేసరికి అన్నీ బండి వెనక బారుగా చేరిపోతాయి. ఊరి పొలిమేరలో నిలబడ్డవాడికి అప్పటిదాకా రోడ్డు ఖాళీ, ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ. వాగులో బండి స్థానం వరద ముందంచుది. దాన్ని ఆపేవి మూడున్నాయి. పలచటి నీరు ప్రతి రాయికీ గుద్దుకుంటూ రావాలి. ఎండిన ఇసుక దాన్ని తాగేస్తూ ఉంటుంది. దారిలో పడున్న ఆకులు, కొమ్మలు, దుంగలు అన్నిటినీ అదే నెట్టుకురావాలి. వెనక వచ్చే నీటికి ఈ బాధలేవీ లేవు. ఇసుక అప్పటికే తడిసింది, రాళ్ళు మునిగాయి, చెత్త ముందుకు పోయింది. బస్సు బండి మీదకి ఎక్కలేదు కానీ నీళ్ళు నీళ్ళ మీదకి ఎక్కగలవు. అందుకే వెనక ఎంత చేరితే ముందంచు అంత ఎత్తవుతుంది. దూరం పెరిగేకొద్దీ, వాగు వెడల్పు తగ్గేకొద్దీ అది ఇంకా నిటారవుతుంది. దుంగలు ఇరుకులో అడ్డంపడితే తాత్కాలికంగా ఆనకట్టే తయారవుతుంది. అది తెగినప్పుడు వచ్చేది మామూలు వరద కాదు. వాగులో నీళ్ళు కారణం లేకుండా తగ్గాయంటే సంతోషించకూడదు, ఎగువన ఎక్కడో అడ్డంపడిందేమోనని అనుమానించాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. నీటి మట్టం పెరిగిన కబురు నీటి కంటే వేగంగా ప్రయాణిస్తుంది. మానింగ్ సూత్రం నుంచి లెక్క కడితే అది నీటి వేగానికి 5/3 రెట్లు. నీరు సగటున సెకనుకు 2 మీటర్లు పోతుంటే, పది కిలోమీటర్ల ఎగువ నుంచి నీటిబొట్టు రావడానికి 83 నిమిషాలు పడుతుంది, వరద అల మాత్రం 50 నిమిషాల్లో వచ్చేస్తుంది. ఉరుముల వాన చాలాసార్లు గంటలోపే వెలిసిపోతుంది కాబట్టి అల చేరేసరికి మబ్బు విడిపోయి ఎండ కాస్తూ ఉంటుంది. కుర్రాళ్ళ ప్రశ్నకు పూర్తి జవాబు ఇదే.

మబ్బుతో పని లేకుండా వచ్చే అల కూడా ఉంది. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. ఎగువన ఆనకట్ట ఉన్న ఏ నదిలోనైనా, అడుగున తడి రాళ్ళు కనిపిస్తున్నాయంటే అది ఈ గంటకున్న నీటి మట్టం మాత్రమే.

అడవి వరదను ఆపుతుంది కదా అంటారు. ఆపుతుంది, నేల నిండేదాకా. ఆకు దుబ్బు, వేళ్ళ సందులు, పురుగుల బొరియలు ఉన్న మంచి అడవి నేల గంటకు పదుల మిల్లీమీటర్ల వానను తాగేయగలదు. శేషాచలం కొండల్లో చాలాచోట్ల గట్టి క్వార్ట్‌జైట్ రాతి మీద ఉన్న మట్టి పలచన. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వాన దాన్ని నింపేశాక, కొత్తగా పడినది పడినట్టే కిందకు జారుతుంది. 2021 నవంబర్ వానల్లో తిరుమల శ్రీవారిమెట్టు దారి దెబ్బతిన్నది అలాంటి రోజుల్లోనే. తిరుమల అడవుల్లోని రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు తీర్థాలకు జనం నడిచి వెళ్ళే ముక్కోటి పండుగలు జనవరి–ఏప్రిల్ మధ్య పౌర్ణములకు వస్తాయి. ఈశాన్య వానలు పోయి, ఎండాకాలపు ఉరుముల వానలు ఇంకా ముదరని కాలం అది. ఆ కోనల్లో నడవడానికి ఏడాదిలో అంతకంటే మంచి కాలం లేదు. కాలిన అడవి మాత్రం వేరే లెక్క. ఆకుల్లోని మైనం ఆవిరై, మట్టిలో కొన్ని సెంటీమీటర్ల కింద పేరుకుని, నీటిని ఇంకనివ్వని పొర కడుతుంది. ఎండాకాలంలో కాలిన కోనలోకి తొలకరిలో దిగకూడదు.

గుడారం ఎక్కడ వేయాలి? కోనలో అడుగుపెట్టగానే మనసు లాగేది వాగు మలుపులో, చదునుగా, మెత్తగా ఉన్న ఇసుక మేట. దాన్ని అక్కడ పోసింది వరదే. 2010 జూన్ 11 తెల్లవారుజామున అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో, వాషిటా అడవుల నడుమ ఇరుకు లోయలో ఉన్న ఆల్బర్ట్ పైక్ క్యాంపు మైదానాన్ని లిటిల్ మిజూరి నది ముంచింది. కొన్ని గంటల్లోనే కొలబద్ద దగ్గర నీటి మట్టం మీటరుకు కాస్త పై నుంచి 7 మీటర్లకు చేరింది. నిద్రలో ఉన్నవాళ్ళతో కలిపి 20 మంది పోయారు.

వాగు తన పాత వరదల ఎత్తును ఒడ్డున రాసిపెడుతుంది. కొమ్మల్లో, పొదల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, ఆకులు, ప్లాస్టిక్ సంచులు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. తల పైకెత్తి కూడా చూడాలి, చాలామంది నేలే వెతుకుతారు. చెట్టు కాండానికి ఎగువ వైపు మాత్రమే బెరడు లేచిపోయిందంటే దుంగ కొట్టిన దెబ్బ. రాతిగోడ మీద బూడిదరంగు, ఆకుపచ్చ లైకెన్ మచ్చలు ఒక గీత కింద ఆగిపోతే, ఆ గీత దాకా నీరు రుద్దుతూ పోయిందన్నమాట. ఏరుమద్ది, నేరేడు పెద్దగా పెరిగి ఉన్నాయి కాబట్టి ఇక్కడికి వరద రాదనుకోవడం పొరపాటు. అవి వరదను తట్టుకుని ఒడ్డునే బతికే చెట్లు. ఈ గుర్తులన్నిటి కంటే పైన, నీటి మట్టానికి నిలువునా కనీసం 5 మీటర్ల ఎత్తున గుడారం వేయాలి. ఇరుకు కోనలో అది 10 మీటర్లైనా ఎక్కువ కాదు. అలాంటి చోటు దొరకకపోతే ఆ కోనలో రాత్రి ఉండకూడదు.

కోన నోరు, అంటే వాగు కొండను వదిలి మైదానంలోకి విప్పారే విసనకర్ర ఆకారపు రాళ్ళ మేట, ఇంకా మోసకారి. విశాలంగా ఉంటుంది, పక్కన చిన్న పాయ తప్ప ఏమీ కనిపించదు. స్పెయిన్‌లోని బియెస్కాస్‌లో క్యాంపు మైదానం సరిగ్గా అలాంటి మేట మీదే ఉండేది. 1996 ఆగస్టు 7న అరాస్ అనే చిన్న కొండవాగు పొంగి 87 మందిని తీసుకుపోయింది. దాని పరీవాహక ప్రాంతం 20 చదరపు కిలోమీటర్ల లోపే. పైన మనం వేసిన లెక్క ఊహ కాదని చెప్పడానికి ఇది చాలు.

వాగు దాటడం దగ్గరికి వద్దాం. నీటి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. మోకాలు దాటిన నీళ్ళు, అర మీటరు లోతు. రెండు కాళ్ళకు తగిలే వైశాల్యం సుమారు 0.12 చదరపు మీటర్లు. వేగం సెకనుకు ఒక మీటరైతే తోపు 7 కిలోల బరువంత, రెండు మీటర్లైతే 27, మూడైతే 60. 65 కిలోల మనిషిని ఆ లోతులో నీరు ఎనిమిది కిలోల దాకా తేలిక చేస్తుంది. నాచు పట్టిన రాతి మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే పాదాలు పట్టి నిలపగలిగేది 17 కిలోలు. అందువల్ల ఒక మీటరు వేగంలో నిలబడతారు, రెండులో నిలబడలేరు. మధ్యలో బేరం లేదు. లోతును మీటర్లలో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని గుణిస్తే 0.6 దాటకూడదు. పిల్లలకు 0.4. వేగం కొలవడానికి ఒడ్డున పది మీటర్లు అడుగులతో కొలిచి, ఎండుపుల్ల వేసి సెకన్లు లెక్కపెట్టాలి. పది సెకన్లలోపు దాటేస్తే, మోకాలి లోతులో కూడా దిగకూడదు.

దాటే చోటు ఇరుకుగా కాక వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే వెడల్పున లోతూ వేగమూ రెండూ తగ్గుతాయి. దిగువన దుంగల అడ్డు ఉన్నచోట వద్దు. నీరు దుంగల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేక అక్కడే అదిమిపెట్టబడతాడు. బ్యాగు నడుము బెల్టు విప్పేయాలి. ముఖం ఎగువకు పెట్టి, కర్ర ఎగువన ఊని, ఒక్కొక్క కాలే కదుపుతూ కాస్త దిగువకు వాలుగా పోవాలి. నడుముకు తాడు కట్టుకుని దాటితే, పడ్డప్పుడు ఆ తాడే మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది. కొట్టుకుపోతే వెల్లకిలా పడుకుని పాదాలు దిగువకు పెట్టాలి. వేగంగా పారే నీటిలో నిలబడాలని చూస్తే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

"ఆ గుండం ఏడాదికో మనిషిని కోరుతుంది" అనే మాట మన జలపాతాల దగ్గర దాదాపు ప్రతిచోటా వినిపిస్తుంది. గుండం ఎవర్నీ కోరదు. పైనుంచి పడే నీరు అడుగుకు వెళ్ళి దూరంగా పైకి లేస్తుంది, పైపొర నీరు మళ్ళీ జలపాతం వైపే తిరిగి వస్తుంది. ఈ సుడిలో పడ్డవాడు ఒడ్డు వైపు ఈదుతున్నా వెనక్కే లాగబడతాడు. దానికి తోడు నురగలో సగం గాలి కాబట్టి అది మనిషిని తేల్చలేదు. ఏటా ఒకరు పోవడానికి కారణం ఏటా కొత్తవాళ్ళు రావడం, అక్కడ హెచ్చరిక పలక లేకపోవడం. అమ్మవారి పేరు చెప్పి ఊరుకుంటే ఆ పలక ఎప్పటికీ పడదు. ఇది మూఢనమ్మకాల్లో ప్రాణాలు తీసే రకం.

కోనలో దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పావుగంటకోసారి చూడాలి. రెండు వేళ్ళ ఎత్తు పెరిగినా కదలాలి. తేటనీరు టీ రంగుకు మారడం, పచ్చి ఆకులు తేలడం, మట్టి వాసన, గాలి లేనిచోట ఎగువ నుంచి ఒక్కసారిగా చల్లగాలి, నీటి అడుగున రాళ్ళు దొర్లే టకటక శబ్దం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. రెండోది కనబడేదాకా ఆగకూడదు. దిగువకు పరిగెత్తకూడదు కూడా. బండల మీద మనిషి సెకనుకు ఒక మీటరు పోవడమే కష్టం, అల మూడు మీటర్లు వస్తుంది. పక్క వాలు మీదుగా పైకి ఎక్కాలి, సామాను వదిలేయాలి. 1976 జూలై 31న కొలరాడోలోని బిగ్ థాంప్సన్ కాన్యన్ వరదలో 144 మంది చనిపోయాక, అక్కడి లోయ రోడ్ల పక్కన వరద వస్తే వాహనం వదిలి కొండ ఎక్కమని చెప్పే పలకలు పెట్టారు. ఆ ఎక్కే దారిని వెలుతురు ఉండగానే ఒకసారి నడిచి చూసుకోవాలి. రాత్రి బూట్లు, తలకు కట్టుకునే లైటు గుడారం గుమ్మం దగ్గరే ఉండాలి.

చిన్న వాగు ఎంత త్వరగా పొంగుతుందో అలాగే తీస్తుంది. 20 చదరపు కిలోమీటర్ల లోపు వాగైతే వాన ఆగిన కొన్ని గంటలకే మట్టం తగ్గిపోతుంది. పుల్ల దగ్గర నీరు గంటసేపు వరుసగా తగ్గి, లోతు, వేగాల గుణకారం 0.6 లోపుకు వచ్చాకే దాటడం గురించి ఆలోచించాలి. నీరు బురదగా ఉన్నంతసేపు అడుగున కొత్తగా పడ్డ గుంట కనిపించదు కాబట్టి 0.4 దగ్గరే ఆగాలి. ఎగువన మళ్ళీ మబ్బు పడితే లెక్క మొదటి నుంచి.