డిప్యూటీ స్పీకర్ లేని లోక్‌సభ: వివాదం వెనుక 2002 నాటి 68 రోజులు

లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ ఎన్నికను ఇక ఆలస్యం చేయవద్దని కోరుతూ కాంగ్రెస్ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే 2025 జూన్ 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీకి రాసిన లేఖతో, ఏడాదిగా సద్దుమణిగిన వివాదం మళ్ళీ రాజుకుంది. మొదటి లోక్‌సభ నుంచి పదహారో లోక్‌సభ వరకు ప్రతి సభా డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకున్నదని, వరుసగా రెండు లోక్‌సభల్లో ఈ పదవి ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి అని ఆయన ఆ లేఖలో గుర్తుచేశారు. రాజ్యాంగం 93వ అధికరణం ప్రకారం లోక్‌సభ తన సభ్యుల నుంచి స్పీకర్‌ను, డిప్యూటీ స్పీకర్‌ను ‘సాధ్యమైనంత త్వరగా’ ఎన్నుకోవాలి. అందులో గడువేమీ లేదని ప్రభుత్వ పక్షం వాదిస్తుండగా, గడువు లేనంత మాత్రాన బాధ్యత తొలగిపోదని ప్రతిపక్షం అంటోంది.

ఈ పదవి పుట్టుపూర్వోత్తరాలు అందరూ ఎరిగినవే. వాటికంటే, ఈ పదవి అసలు విలువ ఏమిటో దేశానికి తెలియజెప్పిన 2002 మార్చి, ఏప్రిల్ నెలల సంగతులే ఇప్పటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కువగా పనికివస్తాయి.

ఆ ఏడాది మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాద్ బయలుదేరిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి, కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద హెలికాప్టర్ కూలి మరణించారు. అప్పటికి బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నాయి, గుజరాత్ అల్లర్లతో అట్టుడుకుతోంది. స్పీకర్ పదవి ఖాళీ అయినప్పుడు ఆ విధులన్నీ డిప్యూటీ స్పీకర్ నిర్వర్తించాలని 95వ అధికరణం చెబుతున్నందున, ఆ బాధ్యత లక్షద్వీప్ సభ్యుడు పి.ఎం. సయీద్‌పై పడింది. ఆయన ప్రధాన ప్రతిపక్షమైన కాంగ్రెస్‌కు చెందినవారు. 1956లో స్పీకర్ మావలంకర్ మరణించినప్పుడు ఇలాంటి ఇరకాటం ఎదురుకాలేదు. అప్పటి డిప్యూటీ స్పీకర్, తిరుపతి సభ్యుడు అనంతశయనం అయ్యంగార్ పాలక పక్షంవారే కాబట్టి, పక్షం రోజులైనా గడవకముందే ఆయనే స్పీకర్ అయ్యారు. 2002లో మాత్రం కొత్త స్పీకర్ ఎన్నికకు 68 రోజులు పట్టింది. బాలయోగి సొంత పార్టీ తెలుగుదేశం ఆ పదవిని మళ్ళీ తీసుకోవడానికి ముందుకు రాకపోవడంతో, చివరికి మే 10న శివసేనకు చెందిన మనోహర్ జోషి స్పీకర్‌గా ఎన్నికయ్యారు.

ఆ 68 రోజుల్లో సభ ముందుకు వచ్చినవి చిన్నాచితకా వ్యవహారాలు కావు. ఉగ్రవాద నిరోధక బిల్లు లోక్‌సభలో నెగ్గి రాజ్యసభలో వీగిపోవడంతో, ప్రభుత్వం మార్చి 26న ఉభయ సభల సంయుక్త సమావేశం జరిపించి 425–296 ఓట్లతో దాన్ని గట్టెక్కించుకుంది. స్వతంత్ర భారతంలో అలాంటి సమావేశం జరగడం అది మూడోసారి మాత్రమే. సంయుక్త సమావేశానికి స్పీకర్ లేనప్పుడు అధ్యక్ష స్థానం డిప్యూటీ స్పీకర్‌దే. అంటే కాంగ్రెస్ హోరాహోరీగా వ్యతిరేకించిన బిల్లు విషయంలో, సభాధ్యక్ష బాధ్యత కాంగ్రెస్ సభ్యుడికే దక్కింది. అయినా బిల్లు ఆగలేదు.

అంతకంటే కీలకమైనది గుజరాత్ అల్లర్లపై చర్చ. సభా నియమావళిలో 193వ నిబంధన కింద జరిగే చర్చ చివర ఓటింగ్ ఉండదు. 184వ నిబంధన కింద తీర్మానాన్ని అనుమతిస్తే చర్చ ముగిశాక ఓటింగ్ తప్పదు. ఓటింగ్ జరిగితే ఎన్డీయే మిత్రపక్షాలు ఎటు నిలుస్తాయో బయటపడుతుంది కనుక, 184 తప్ప మరొకటి ఒప్పుకోబోమని ప్రతిపక్షాలు రోజుల తరబడి సభను స్తంభింపజేశాయి. ఏ నిబంధన కింద నోటీసును అనుమతించాలో తేల్చే అధికారం స్పీకర్‌ది, అప్పుడా విధుల్లో ఉన్నది సయీద్. చర్చ 184 కిందనే ఏప్రిల్ 30న మొదలై అర్ధరాత్రి దాటేవరకు సాగింది. ఓటింగ్‌లో ప్రభుత్వం 276–182తో నెగ్గింది. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న తెలుగుదేశం ఓటింగ్‌లో పాల్గొనలేదు. సర్కారు పడిపోలేదు, కానీ మిత్రపక్షాల మధ్య బీటలు సభా రికార్డులోకి ఎక్కాయి. డిప్యూటీ స్పీకర్ పదవిని ప్రతిపక్షానికి ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు మన పార్లమెంటు చరిత్రలో మరొకటి కనిపించదు. ఆ జవాబును పాలకులు ఒక విధంగా, ప్రతిపక్షం మరో విధంగా చదువుకున్నారని అనుకోవడానికి తర్వాతి పరిణామాలే ఆధారం.

సయీద్‌ను ఆ పదవిలో కూర్చోబెట్టింది వాజపేయి హయాంలోని సభే అన్నది ఇక్కడ మరువరాదు. 1990లో వి.పి. సింగ్ హయాంలో కాంగ్రెస్‌కు చెందిన శివరాజ్ పాటిల్‌ను, 1991లో పి.వి. నరసింహారావు హయాంలో భాజపాకు చెందిన మల్లికార్జునయ్యను ఎన్నుకున్నప్పటి నుంచి ఈ పదవిని ప్రతిపక్షానికి వదలడం ఆనవాయితీగా స్థిరపడింది. 2009లో యూపీఏ హయాంలోనూ భాజపాకు చెందిన కరియా ముండానే ఎన్నికయ్యారు. ఆలస్యాలు అప్పుడూ లేకపోలేదు. 1998లో సయీద్ తొలి ఎన్నికకే దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. కానీ అది ఆలస్యమే, ఎగవేత కాదు.

2014లో దారి మళ్ళింది. 44 స్థానాలకు పరిమితమైన కాంగ్రెస్‌కు పదో వంతు సంఖ్యాబలం లేదంటూ ప్రతిపక్ష నాయకుడి హోదా నిరాకరించిన ఆగస్టు నెలలోనే, 37 స్థానాలున్న అన్నాడీఎంకేకు చెందిన తంబిదురైకి డిప్యూటీ స్పీకర్ పదవి దక్కింది. ఆ పార్టీ అప్పటికి ఎన్డీయేలో లేదు కనుక ఆనవాయితీ పైకి చెక్కుచెదరనట్టే కనిపించింది. 2019 జూన్‌లో 22 స్థానాలున్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఈ పదవి ఇవ్వజూపినట్టు పత్రికల్లో వార్తలు వచ్చినా, ఆ ముచ్చట అంతటితో ఆగిపోయింది. డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోకపోవడంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో కేంద్రానికి, ఐదు రాష్ట్రాలకు నోటీసులు జారీ చేసింది. 2024 జూన్‌లో, డిప్యూటీ స్పీకర్ పదవి తమకిస్తే స్పీకర్ ఎన్నిక ఏకగ్రీవానికి సహకరిస్తామన్న ప్రతిపక్షానికి, షరతులతో కూడిన మద్దతు అక్కర్లేదన్న సమాధానం వచ్చింది. దాంతో స్పీకర్ పదవికి ప్రతిపక్షం తరఫున కె. సురేశ్ బరిలోకి దిగారు. ఓం బిర్లా మూజువాణి ఓటుతో గెలిచారు.

స్పీకర్ లేని వేళల్లో సభ నడిపేందుకు ఎంపికైన సభ్యులు, అంటే ప్యానెల్ స్పీకర్లు, ఉన్నందున సభ ఏనాడూ ఆగలేదన్నది ప్రభుత్వ పక్షం మాట. రోజువారీ సమావేశాల వరకు అది నిజమే. అయితే స్పీకర్ పదవే ఖాళీ అయితే వ్యవహారం వేరు. రెండు పదవులూ ఖాళీగా ఉన్నప్పుడు స్పీకర్ విధులు ఎవరు నిర్వర్తించాలో నియమించేది రాష్ట్రపతి, రాష్ట్రపతి నడుచుకునేది మంత్రివర్గ సలహాపై. 2002లో సయీద్ కూర్చున్న చోట, అలాంటి పరిస్థితిలో ప్రభుత్వం సూచించిన సభ్యుడు కూర్చుంటారు. పైగా 94వ అధికరణం ప్రకారం స్పీకర్ తన రాజీనామాను డిప్యూటీ స్పీకర్‌కే సమర్పించాలి. డిప్యూటీ స్పీకర్ లేనప్పుడు ఆ లేఖ అందుకోవడానికి ఎవరూ ఉండరు.

స్పీకర్ ఎన్నిక తేదీని రాష్ట్రపతి నిర్ణయిస్తే, డిప్యూటీ స్పీకర్ ఎన్నిక తేదీని సభా నియమావళి 8వ నిబంధన కింద స్పీకరే నిర్ణయించాలి. అందువల్ల ఖర్గే లేఖ ప్రధానికి వెళ్ళినా తేదీ మాత్రం ఓం బిర్లా చేతిలోనే ఉంది. ఆ ఏడాది వర్షాకాల సమావేశాలు 2025 జూలై 21న మొదలయ్యాయి. తేదీ వెలువడితే, దానికి ముందురోజు మధ్యాహ్నం 12 గంటల లోపు ఏ సభ్యుడైనా ఒక పేరు ప్రతిపాదిస్తూ సెక్రటరీ జనరల్‌కు నోటీసు ఇవ్వవచ్చు.