ముందు డక్టుల సంగతి చూడండి

హైదరాబాద్

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో మీ ఇంట్లో గాలిని గ్యాస్‌తో కాచే ఫర్నేస్ పాతబడిందనీ, దాని బదులు బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే హీట్ పంపు పెట్టించే ఆలోచనలో ఉన్నారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ కంపెనీది మంచిదని మీరు అడిగారట. కంపెనీ సంగతి తర్వాత. మీ బేస్‌మెంట్ కప్పు కింద గదులకు గాలి మోసే రేకు గొట్టాలు, అంటే డక్టులు, పోతుంటాయి చూడండి, ముందు వాటి కొలతలు తేలాలి. హైదరాబాద్ చలికి మాకు రగ్గు కప్పుకుంటే సరిపోతుంది. కానీ ఆఫీసులకూ సినిమా హాళ్లకూ ఏసీ డక్టులు వేయించడమే నా ఉద్యోగం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గ్యాస్ ఫర్నేస్ గాలి 50, 55 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి వస్తుంది. హీట్ పంపు గాలి సాధారణంగా 35, 40 మధ్యే. గది 20 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. మొదటిది గదికన్నా 35 డిగ్రీలు ఎక్కువ, రెండోది అందులో సగం. కాబట్టి అంతే వేడి అందాలంటే రెట్టింపు గాలి పంపాలి. స్నానానికి మరిగే నీళ్లయితే ఒక చెంబు కలిపితే చాలు, గోరువెచ్చనివైతే బకెట్ నిండా కావాలి కదా! చిక్కు ఎక్కడంటే, అదే డక్టులో రెట్టింపు గాలి తోయడానికి ఫ్యానుకు కావలసిన ఒత్తిడి సుమారు నాలుగింతలవుతుంది. డక్టు ఇరుకైతే గాలి చాలదు. గ్రిల్లు దగ్గర ఒకటే హోరు, మేడమీది గది మాత్రం చల్లగానే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

అలాగని డక్టులన్నీ పీకించనక్కర్లేదు. పాత ఫర్నేసులు చాలాచోట్ల ఇంటి అవసరాన్ని మించినవే. దాని మీది బీటీయూ అంకె, అంటే అదెంత వేడి ఇవ్వగలదో చెప్పే అంకె, చూసి అంతే సైజు హీట్ పంపు పెడతానన్నవాడికి పని ఇవ్వొద్దని నాన్నకు చెప్పండి. గోడలు, కిటికీలు, అటక మీది ఇన్సులేషన్ చూసి ఇంటికి ఎంత వేడి కావాలో లెక్కగట్టాలి. దాన్ని అక్కడ మాన్యువల్ జె అంటారు. డక్టుల లెక్క మాన్యువల్ డి. హీట్ పంపు సామర్థ్యాన్ని టన్నుల్లో కొలుస్తారు, ఒక్కో టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి పోవాలి. రెండు లెక్కలూ కాగితం మీద చూపించమనాలి. చాలా ఇళ్లలో ఇరుకుగా ఉండేది గదుల్లోంచి గాలి వెనక్కి వచ్చే రిటర్న్ డక్టు. దాన్నొక్కదాన్ని పెద్దది చేయిస్తే సగం బాధ తీరుతుంది.

ఒక పని మీరే చేయొచ్చు, నాన్న పక్కనుంటేనే. థర్మోస్టాట్‌లో హీట్ ఆపి ఫ్యాన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. అగరుబత్తి వెలిగించి డక్టు అతుకుల పక్కన మెల్లగా జరపండి. పొగ నిటారుగా లేస్తే అతుకు బాగున్నట్టు. పక్కకు చెదిరినా, సందులోకి లాగేసుకున్నా అక్కడ లీకుంది, సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మామూలు ఇళ్లలో డక్టు గాలిలో 20 నుంచి 30 శాతం ఇలాగే పోతుంది. గుడ్డ టేపు కొన్నాళ్లకు ఊడిపోతుంది, అతుకులు మూసే మాస్టిక్ అనే చిక్కటి ముద్ద పూయించమనండి.

సుద్ద గుర్తుల ఫొటోలు, రిటర్న్ డక్టు పొడవు వెడల్పులు వాట్సాప్‌లో పంపండి. చూసి నాన్నతో మాట్లాడతాను.

మీ తాతయ్య