నానమ్మ ఎందుకలా మాట్లాడింది?

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి ఇలా రాసింది: "తుంటి ఎముక ఆపరేషనయ్యాక నానమ్మ బాగానే మాట్లాడింది. మర్నాడు రాత్రి మాత్రం నన్ను చూసి 'ఎవరు నువ్వు?' అంది. గోడ మీద చీమలు పాకుతున్నాయంది. నానమ్మకి పిచ్చి పట్టిందా తాతయ్యా?"

లేదమ్మా. ఎండాకాలంలో బావి చూశావా? నిండుగా ఉన్నప్పుడు రాయి పడినా అడుగున బురద కదలదు. నీళ్లు అడుగంటాక చేద కాస్త గట్టిగా తగిలినా చాలు, బావంతా కలకబారుతుంది. చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లు తోడే పని నాదే. కలక తేరేదాకా గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూసేవాణ్ణి. ముందు ఆకాశం ముక్క కనిపించేది, తర్వాత నా మొహం. తొందరపడి మళ్లీ చేద వేస్తే మళ్లీ మొదటికే!

వయసు మళ్లినవాళ్ల మెదడు ఆ ఎండాకాలపు బావి. మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి వాళ్లకి జ్వరం కూడా రాదు, పొంతన లేకుండా మాట్లాడటమే మొదటి గుర్తు. ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ తేడా, ఆక్సిజన్ చాలకపోవడం, నొప్పి, నిద్ర లేకపోవడం, ఇవన్నీ అందులో పడే రాళ్లే. మలబద్ధకం, మూత్రం రాకుండా ఆగిపోవడం కూడా. ఇక మందులు! నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, ఘాటైన నొప్పి మందులు. చాలాసార్లు రెండు మూడు రాళ్లు ఒకేసారి పడతాయి. ఏవి పడ్డాయో డాక్టర్లు వెతికి తీయాలి.

ఇలా మెదడు ఉన్నట్టుండి కలకబారడాన్నే డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో వచ్చేస్తుంది. పొద్దున తగ్గినట్టుండి రాత్రికి పెరుగుతుంది. కేకలు వేసేవాళ్లని అందరూ గమనిస్తారు. నా దిగులంతా ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడుకునేవాళ్ల గురించే. 'పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు' అని వదిలేస్తారు. వాళ్లకీ ఇదే జబ్బు కావచ్చు.

నన్ను ఆశ్చర్యపరిచే సంగతొకటి చెప్తాను. 1999లో అమెరికాలో షారన్ ఇనౌయే అనే డాక్టరు, ఆమె తోటివాళ్లు ఆసుపత్రిలో చేరిన 852 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం అందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వచ్చింది. రెండో గుంపులో 9.9 శాతానికి తగ్గింది. వాళ్లకి కొత్త మందేమీ ఇవ్వలేదు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం అందేలా చూశారు, నీళ్లు తాగించారు, లేపి నడిపించారు, రాత్రి నిద్ర చెడకుండా చూశారు, ఈ రోజేమిటో ఎక్కడున్నారో చెబుతూ కబుర్లాడారు. అంతే! కళ్లద్దాలు మెదడుకి అంత మేలు చేస్తాయని ఎవరనుకుంటారు?

నానమ్మ కొన్ని రోజుల్లో తేరుకోవచ్చు, వారాలూ పట్టవచ్చు. కొందరు పూర్తిగా మునుపటిలా కారు కూడా. అందుకే ఆలస్యం వద్దు. రేపు వెళ్లేటప్పుడు ఆమె కళ్లద్దాలు తీసుకెళ్లు. నీ పేరు నువ్వే చెప్పు, పగలు కిటికీ తెర తియ్యి. చీమలు లేవని వాదించకు, చెయ్యి పట్టుకుని కూర్చో. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమని అడిగి, మధ్యలో దారి తప్పుతోందేమో చూడు. ఎవరైనా 'వయసు కదా' అంటే ఊరుకోకు. నానమ్మ ఎలా ఉండేదో వాళ్లకంటే నీకే బాగా తెలుసు. నర్సు దగ్గరికి వెళ్లి, "మా నానమ్మ మొన్నటిదాకా ఇలా లేదు, డాక్టరుగారిని ఒకసారి చూడమనండి" అని చెప్పు. ఎప్పటి నుంచి మారిందో కూడా చెప్పు.

మీ తాతయ్య