టొరంటోలో ఆ 12 నిమిషాలు

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ మీద పంచాయతీ మళ్లీ మొదలైంది. అతను ఆడే హ్యూస్టన్ రాకెట్స్ ఒక మ్యాచ్ ఆఖర్లో తడబడితే చాలు, పాత చిట్టా బయటికి తీస్తారు: మనిషి మెత్తన, కష్టమొస్తే నిలబడడు, జట్టు మారిపోతాడు. పాత జట్టు ఓక్లహోమా సిటీలో రోజులు, 2014లో ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు) పురస్కారం, సహచరుడు వెస్ట్‌బ్రుక్‌తో చెలిమి, చెడు... ఇదంతా అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్లకి కంఠతా వచ్చిన కథే కాబట్టి మళ్లీ చెప్పను. 2016లో, నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే నెగ్గే సిరీస్‌లో 3-1 ఆధిక్యంలో ఉండి కూడా గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడి, జూలై 4న అదే వారియర్స్‌లో చేరాడు. ఓక్లహోమా అభిమానులకు ఆ మంట ఇంకా చల్లారలేదంటే అర్థముంది. అయితే కొత్త టీవీ ఒప్పందం డబ్బుతో ఆ ఒక్క వేసవిలోనే శాలరీ క్యాప్ (జట్టు జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) 70 మిలియన్ డాలర్ల నుంచి 94 మిలియన్లకు ఎగబాకిందనీ, అది జరక్కపోతే ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్ దగ్గర ఇతనికివ్వడానికి చోటే ఉండేది కాదనీ తిట్టేవాళ్లలో ఎవరూ గుర్తు చేయరు.

అందరూ ఆ జూలై 4 దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో అసలు మలుపు 2019 జూన్ 10.

దానికి నెల ముందు, మే 8న, ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ)లో వారియర్స్‌కి హ్యూస్టన్‌తో ఐదో మ్యాచ్. మూడో క్వార్టర్‌లో ఓ జంప్‌షాట్ వేసి వెనక్కి పరిగెత్తబోయిన డ్యురాంట్ రెండడుగులు వేసి, ఎవరో తన్నారా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు. టీవీలో వ్యాఖ్యాతలు కూడా పిక్కను మడమకు కలిపే అకిలీస్ స్నాయువే తెగిందేమోనని భయపడ్డారు. పరీక్షల తర్వాత పిక్క కండరం పట్టేసిందన్నారు. అతను తొమ్మిది మ్యాచ్‌లు ఆడలేదు. వాటిలో మొదటి ఐదూ వారియర్స్ వరసగా గెలిచారు. ఇక నోళ్లకు తాళాల్లేవు. ఇతను లేకపోతేనే జట్టు బాగా ఆడుతోందని ఒకరు, కాంట్రాక్టు ముగిసే వేళ కదా, ఒళ్లు దాచుకుంటున్నాడని ఇంకొకరు.

ఫైనల్స్‌లో టొరంటో రాప్టర్స్ 3-1తో ముందుకెళ్లారు. ఇంకొక్కటి ఓడితే అంతే. ఒక్క పూట ప్రాక్టీసు చేసి డ్యురాంట్ ఐదో మ్యాచ్‌లో దిగాడు. వేసిన మూడు త్రీలూ (మూడేసి పాయింట్ల దూరపు షాట్లు) పడ్డాయి. 12 నిమిషాల్లో 11 పాయింట్లు. రెండో క్వార్టర్ మొదట్లో సర్జ్ ఇబాకా ఎదురుగా బంతి అటునుంచి ఇటు మార్చబోయాడు. ఇబాకా ఎవరో కాదు, ఓక్లహోమాలో పక్కన ఆడినవాడే. కుడికాలు కదల్లేదు. కూలబడి, మడమ పైన చేత్తో తడుముకున్నాడు. ఆ తడుముకోవడం చూసినవాళ్లకి స్కాన్ అక్కర్లేకపోయింది.

గ్యాలరీలో కొందరు కేరింతలు కొట్టారు, టాటా చెబుతూ చేతులూపారు. రాప్టర్స్ ఆటగాళ్లే ఆగమని వాళ్లకు సైగలు చేయాల్సి వచ్చింది. వారియర్స్ 106-105తో ఆ మ్యాచ్ గెలిచారు. తర్వాత జనరల్ మేనేజర్ బాబ్ మయర్స్ మైకుల ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, ఎవరినైనా తప్పుపట్టాలంటే నన్నే పట్టండన్నాడు. క్లబ్ తొందరపెట్టిందా, ఆటగాడే పట్టుబట్టాడా అన్న చర్చ చాలాకాలం నడిచింది. డ్యురాంట్ మాత్రం వారియర్స్‌ని ఎలా తప్పుపడతారని తర్వాతొక ఇంటర్వ్యూలో కొట్టిపారేశాడు. నింద వేరేవాళ్ల మీదకు నెట్టడానికి అంతకంటే మంచి అవకాశం అతనికి మళ్లీ రాదు.

దీన్ని ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుతోనైనా చేరగల స్థితి) లెక్కలో పెట్టి చూడండి. ఆ రాత్రికి ఇంకో 20 రోజుల్లో అతను మార్కెట్‌లోకి రావాలి. ఒళ్లు దాచుకునేవాడైతే దాచుకోవాల్సిన 20 రోజులు అవే. రెండేళ్ల ముందు, 2017లో, జట్టు చెదిరిపోకుండా జీతంలో దాదాపు 9 మిలియన్ డాలర్లు తగ్గించుకున్నవాడూ ఇతనే. కాలు తెగాక, జూన్ 30న, బ్రూక్లిన్ నెట్స్‌ని ఎంచుకున్నాడు: నాలుగేళ్లకు 164 మిలియన్లు. మొదటి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేడని తెలిసే వాళ్లు ఇచ్చారు. తనను అనుమానించిన మాటలన్నీ విన్నాక, ఆ మాటలకు కాలు మూల్యంగా కట్టాక, అదే చోట ఉండాలని ఎవరికనిపిస్తుంది? ‘పారిపోయాడు’ అన్న మాట నాకు ఇక్కడే అతకదు.

విమర్శకుల వాదన కూడా చెప్పాలి. మాజీ స్టార్ ఆటగాడు చార్ల్స్ బార్క్‌లీ పోలిక బాగా పాకింది: డ్యురాంట్ బస్సు నడిపేవాడు కాదు, ఎక్కి కూర్చునేవాడు అని. ఆ బార్క్‌లీనే 1992లో ఫీనిక్స్‌కి, 1996లో అప్పటికే రెండు టైటిళ్లు కొట్టిన ఒలాజువన్ ఉన్న హ్యూస్టన్‌కి టైటిల్ కోసం వెళ్లాడు, చివరికి ఉత్త చేతులతో రిటైరయ్యాడు. సరే, అది వదిలేద్దాం. 2022 జూన్ 30న, పొడిగించిన కాంట్రాక్టు ఇంకా మొదలు కాకుండానే నన్ను పంపించేయండని బ్రూక్లిన్‌ని అడగడం మాత్రం సమర్థించలేనిది. 2017లో ట్విట్టర్‌లో తన గురించి తనే మూడో మనిషిలా రాసి దొరికిపోయి క్షమాపణ చెప్పుకోవడమూ అంతే. ఇతనిలో మెత్తదనం ఉంటే అది ఫోన్ చేతిలోకి వచ్చినప్పుడే. కోర్టులో కాదు.

కోర్టు సంగతికి 2021 జూన్ చాలు. తెగి కుట్టిన కాలితో బ్రూక్లిన్ తరఫున ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ మీద ఐదో మ్యాచ్‌లో 48 నిమిషాలూ దిగకుండా ఆడి 49 పాయింట్లు, 17 రీబౌండ్లు, 10 అసిస్టులు. ఏడో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌తో కలిపి 53 నిమిషాలు, 48 పాయింట్లు. ఆఖరి సెకనులో వేసిన షాట్‌కి బూటు ముందు భాగం గీత మీద పడింది. గీతకు అవతలుంటే మూడు పాయింట్లు, గెలుపు. పడ్డవి రెండే, స్కోరు సమమైంది, ఓవర్‌టైమ్‌లో 115-111తో ఓడారు. బూటు సైజు 18.

బ్రూక్లిన్ తర్వాత ఫీనిక్స్‌లో రెండున్నరేళ్లు చెప్పుకోడానికేం లేదు. 2025లో జట్టు 36-46తో ప్లేఆఫ్స్‌కే రాలేదు. అంతకుముందు ఫిబ్రవరిలో అతన్ని తిరిగి వారియర్స్‌కి పంపాలని మంతనాలు జరిగితే, వద్దన్నది డ్యురాంటే. గెలిచే గుర్రం ఎక్కుతాడని పేరు మోసినవాడు, వారియర్స్ స్టార్ స్టెఫెన్ కర్రీ పక్కన సీటు ఇస్తామంటే కాదన్నాడు.

జూన్ 22న న్యూయార్క్‌లో ఓ వేదిక మీద మాట్లాడుతుండగా, హ్యూస్టన్‌కి మార్చారన్న వార్త జనం మధ్యలోనే అతనికి తెలిసింది. ఆ రాత్రే ఓక్లహోమా సిటీ తన మొదటి టైటిల్ గెలిచింది. ఆ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ పట్టేసిన పిక్కతోనే దిగి, మూడు త్రీలు వేసి, మొదటి క్వార్టర్‌లోనే కుడికాలి అకిలీస్ తెంచుకున్నాడు. మళ్లీ అవకాశమొచ్చినా ఇలాగే ఆడతానని మర్నాడు రాశాడు. వీరుడన్నారు, సబబే. అదే పిక్క, అదే కాలు, అవే మూడు త్రీలు.

అక్టోబర్‌లో డ్యురాంట్ హ్యూస్టన్‌తో రెండేళ్లకు 90 మిలియన్ల పొడిగింపు మీద సంతకం చేశాడు. నిబంధనల ప్రకారం దాదాపు 120 మిలియన్ల దాకా అడగొచ్చు.